ఒక్క కాలమ్‌తో లెక్క తేలదు

వెబ్ అప్లికేషన్లు కట్టేవాళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. డబ్బు లెక్కంటే కూడికలు, తీసివేతలే కదా అని. యూజర్ల టేబుల్లో ‘బ్యాలన్స్’ పేరుతో ఒక కాలమ్ పెట్టి, డబ్బు వస్తే కలిపి, పోతే తీసేస్తే చాలట. డెబిట్, క్రెడిట్, జంటపద్దు లాంటివన్నీ కామర్స్ చదివినవాళ్ల గొడవట. మాదాపూర్‌లోనైనా కోరమంగలలోనైనా కొత్తగా మొదలైన కంపెనీలో తొలి నెలల్లో వినిపించే మాట ఇదే. దానికి తోకగా ఇంకో మాట కూడా వస్తుంది. ఓపెన్ సోర్స్‌లో దొరికే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఫ్యాక్టరీల కోసం చేసిన భారీ సరుకనీ, చిన్న యాప్‌కు పనికొచ్చేది వాటిలో ఒక్కటీ లేదనీ, కాబట్టి సొంతంగా రాసుకోవడమే సులువనీ.

తెలివైనవాళ్లు, మంచి కోడ్ రాసేవాళ్లు కూడా ఈ రెండు మాటలనూ నమ్ముతున్నారు. అందుకే వీటిని కాస్త గట్టిగానే కాదనాల్సి వస్తోంది.

ముందు ఆ బ్యాలన్స్ కాలమ్ సంగతి చూద్దాం. కెనడాలోని ఆల్బర్టా నుంచి నడిచిన ఫ్లెక్స్‌కాయిన్ తనను తాను బిట్‌కాయిన్ బ్యాంకుగా చెప్పుకునేది. 2014 మార్చి 2న అది 896 బిట్‌కాయిన్లు పోగొట్టుకుని, ఆ వారంలోనే మూతపడింది. దొంగ తాళాలేవీ పగలగొట్టలేదు. కొత్త ఖాతా తెరిచి, ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి సొమ్ము మార్చమంటూ ఒకేసారి వేల రిక్వెస్టులు పంపాడు. ప్రతి రిక్వెస్టూ నిల్వ చదివింది, డబ్బుందనుకుంది, బదిలీ చేసేసింది. నిల్వను తగ్గించే వంతు వచ్చేసరికి ఖాతా ఎప్పుడో ఖాళీ. అదే నెలలో పోలోనియెక్స్ అనే మరో ఎక్స్‌ఛేంజ్‌లోనూ ఇదే జరిగింది. ఒకే క్షణంలో పెట్టిన చాలా విత్‌డ్రాయల్స్ అన్నీ చెల్లిపోయి, ఆ సంస్థ దగ్గరున్న బిట్‌కాయిన్లలో 12.3 శాతం ఎగిరిపోయాయి. మరుసటి ఏడాది ఒక భద్రతా పరిశోధకుడు స్టార్‌బక్స్ గిఫ్ట్ కార్డుల మీద ఇదే ఆట ఆడి చూపించాడు. రెండు బ్రౌజర్ల నుంచి ఒకేసారి బదిలీ నొక్కితే లేని డాలర్లు పుట్టుకొచ్చాయి.

జంటపద్దు పెట్టుకుని ఉంటే ఈ దొంగతనాలు వాటంతటవే ఆగిపోయేవని ఎవరైనా అంటే అదీ అబద్ధమే. ఒకేసారి వచ్చిన రిక్వెస్టులను ఆపేది డేటాబేస్ లాక్, పద్దు కాదు. కానీ పద్దులున్న చోట దొంగ సొమ్ము ఎక్కడి నుంచి కదిలి ఎక్కడ తేలిందో వరుసగా కనిపిస్తుంది. ప్రతి కదలికకూ రెండో కొస ఉంటుంది. ఏ ఖాతా అడుగంటిందో ఒక్క క్వెరీతో తేలుతుంది. బ్యాలన్స్ కాలమ్ మాత్రం తన చివరి అంకె ఒక్కటే చెబుతుంది. ఆ అంకె ఎలా వచ్చిందో దానికి గుర్తుండదు. సందు చివరి కిరాణా కొట్టు అరువు పుస్తకం కూడా ఇంతకంటే నయం. అందులో కందిపప్పు ఒక గీత, నూనె ఇంకో గీత, పండక్కి కట్టిన ఐదొందలు మరో గీత. మొత్తం ఒక్కటే రాసుకుని గీతలన్నీ చెరిపేసే కొట్టువాడు ఊళ్లో ఎవరూ ఉండరు.

క్రిప్టో కథలు మనకెందుకు, మాది మామూలు అమ్మకాల యాప్ అంటారు. సరే, మామూలు అమ్మకమే తీసుకుందాం. హైదరాబాద్ కంపెనీ తన యాప్‌లో తెలంగాణ కస్టమర్‌కే ఒక ఆన్‌లైన్ సర్వీసు అమ్మింది. కస్టమర్ వెయ్యి రూపాయలు కట్టాడు. 18 శాతం జీఎస్టీ అందులోనే కలిసి ఉంది. కంపెనీ ఆదాయం వెయ్యి కాదు, 847.46. మిగిలిన దాంట్లో 76.27 కేంద్ర జీఎస్టీ, 76.27 రాష్ట్ర జీఎస్టీ. అవి వచ్చిన డబ్బు కాదు, కట్టాల్సిన బాకీ. పేమెంట్ గేట్‌వే రెండు శాతం పుచ్చుకుంటుందనుకుంటే ఫీజు 20 రూపాయలు, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ 3.60. కొన్నాళ్లకు బ్యాంకులో పడేది 976.40. ఆ 3.60 కూడా పోయినట్టు కాదు, ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇప్పుడు చెప్పాలి, కాలమ్‌లో ఏ అంకె ఉండాలి? 1,000? 976.40? 847.46? మూడూ నిజమే. కస్టమర్ అడిగితే మొదటిది, బ్యాంకు మేనేజర్ అడిగితే రెండోది, ఆదాయమెంతని ఆడిటర్ అడిగితే మూడోది.

పద్దుల్లో ఇది రెండు మాటల పని. అమ్మిన రోజు ‘గేట్‌వే నుంచి రావలసినది’ ఖాతాకు వెయ్యి డెబిట్; అమ్మకాలకు 847.46, రెండు జీఎస్టీ ఖాతాలకు చెరో 76.27 క్రెడిట్. సొమ్ము పడిన రోజు బ్యాంకుకు 976.40, ఫీజు ఖర్చుకు 20, ఇన్‌పుట్ జీఎస్టీకి 3.60 డెబిట్; గేట్‌వే ఖాతాకు వెయ్యి క్రెడిట్. గేట్‌వే ఖాతా సున్నా అయింది. సున్నా కాకపోతే ఎక్కడో డబ్బు చిక్కుకుపోయిందని అర్థం. నిజ జీవితంలో గేట్‌వే ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో జమ వేయదు. వందల ఆర్డర్లను కలిపి, ఫీజులూ రిఫండ్లూ కోసేసి ఒకే మొత్తం పంపుతుంది. ఆ మొత్తంలో ఏ ఆర్డర్ రాలేదో కాలమ్‌ను చూసి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. గేట్‌వే ఖాతా ఉంటే రోజూ ఉదయం దాని నిల్వ చూడటమే పని.

ఇంకో మెట్టు ఎక్కితే రిఫండ్. కస్టమర్‌కు వెయ్యీ తిరిగిచ్చినా చాలా గేట్‌వేలు తమ ఫీజు వెనక్కివ్వవు. పాత ఇన్‌వాయిస్‌ను చెరపడానికి చట్టం ఒప్పదు. సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్ ప్రకారం క్రెడిట్ నోట్ ఇవ్వాలి. ఇన్‌వాయిస్ నంబర్లు వరుస తప్పకూడదు, 16 అక్షరాలు మించకూడదు. ఇతరుల సరుకు అమ్మిపెట్టే వేదిక అయితే అమ్మకందారు సొమ్ములోంచి టీసీఎస్ అనే పన్ను కోయాలి. ఒక శాతంగా మొదలైన ఈ కోత 2024 జూలై 10 నుంచి అర శాతమైంది. రేటు మారిన రోజు పాత అమ్మకాలు పాత రేటుతో, కొత్తవి కొత్త రేటుతో ఉండాలి. ఇవన్నీ ఒక్క అంకెలో ఇముడుతాయని నమ్మడానికి కోడింగ్ నైపుణ్యం చాలదు, గొప్ప భక్తి ఉండాలి.

జంటపద్దు బరువనేవాళ్లు దాన్ని ఎప్పుడూ విప్పి చూసినట్టు లేదు. ఇటలీ వర్తకులు అప్పటికే వాడుతున్న ఈ పద్ధతిని లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు. అది కాగితం, సిరాతో నడిచిన వ్యవస్థ. బరువైతే ఐదు వందల ఏళ్లు బతికేది కాదు. కంప్యూటర్‌లో అది మూడు టేబుళ్లు: ఖాతాలు, లావాదేవీలు, పద్దులు. ఒక లావాదేవీ కిందున్న పద్దులన్నీ కలిపితే సున్నా రావాలన్నది ఒక్కటే నియమం. 1998లో తొలి స్థిర వెర్షన్ వచ్చిన ఓపెన్ సోర్స్ లెక్కల సాఫ్ట్‌వేర్ గ్నూక్యాష్ డేటాబేస్ తెరిచి చూసినా గుండెకాయగా కనిపించేవి ఇవే. డబ్బు మొత్తాన్ని అది దశాంశంగా దాచదు, లవం ఒక కాలమ్‌లో, హారం ఇంకో కాలమ్‌లో పూర్ణాంకాలుగా దాస్తుంది. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదని తెలిసినవాళ్లకు ఎందుకో వెంటనే అర్థమవుతుంది. తెలిసి కూడా ధరల కాలమ్‌ను ఫ్లోట్‌గా పెట్టేవాళ్లు ఉన్నారు, అది వేరే సంగతి. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఈ విషయం వాళ్ల భాషలోనే చెప్పిన వ్యాసం కూడా ఎప్పుడో వచ్చింది: మార్టిన్ క్లెప్‌మన్ 2011లో ఖాతాలను బిందువులుగా, లావాదేవీలను బాణపు గీతలుగా గీసి చూపించాడు. గ్రాఫ్ తెలిసిన మనిషికి అంతకుమించి అక్కర్లేదు.

ఇక చిన్న సరుకేదీ దొరకదన్న రెండో వాదన. దీని లోపం వెతికే పద్ధతిలోనే ఉంది. ‘ఓపెన్ సోర్స్ అకౌంటింగ్’ అని వెతికితే వచ్చేవి తయారైన అప్లికేషన్లు: ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ, లెడ్జర్‌ఎస్ఎంబీ, ఫ్రంట్‌అకౌంటింగ్. వాటిని చూసి గుండె జారడం సహజమే. గోదాము, కొనుగోళ్లు, తయారీ లాంటివెన్నో ఉంటాయి. కానీ యాప్ కట్టేవాళ్లకు కావలసింది అప్లికేషన్ కాదు, తమ కోడ్ లోపల కూర్చునే లెడ్జర్. అది వేరే అరలో ఉంది.

ఆ అరలో సరుకు తక్కువేమీ లేదు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఎన్వాటో డిజైన్లు, థీములు అమ్మే పెద్ద మార్కెట్. లెక్కలేనంతమంది అమ్మకందార్ల సొమ్ము దాని చేతుల మీదుగా పోతుంది. ఆ లెక్కల కోసం రూబీలో రాసుకున్న ‘డబుల్ ఎంట్రీ’ లైబ్రరీని ఎంఐటీ లైసెన్స్‌తో బయట పెట్టింది. ఫ్లెక్స్‌కాయిన్‌ను ముంచిన పరిస్థితికి మందు అందులో ముందే ఉంది: బదిలీకి ముందు ఖాతాలకు లాక్ వేస్తుంది, ఒకదానికోసం ఒకటి చూస్తూ రెండూ ఆగిపోకుండా ఆ లాకులను ఒక వరుసలో వేస్తుంది. రైల్స్ వాళ్లకు ప్లూటస్ కూడా ఉంది. జాంగో వాడేవాళ్లకు హోర్డాక్, జాంగో లెడ్జర్ ఉన్నాయి. నోడ్, మోంగోడీబీ వాళ్లకు మెడిచి ఉంది. లావాదేవీల జోరు మరీ ఎక్కువైతే టైగర్‌బీటిల్ చూడొచ్చు. డెబిట్, క్రెడిట్ మాత్రమే తెలిసిన డేటాబేస్ అది, అపాచీ లైసెన్స్‌తో వస్తుంది. ఒక ఖాతా డెబిట్లు దాని క్రెడిట్లను దాటకూడదని ఖాతా తెరిచేటప్పుడే చెప్పేస్తే, ఆ తర్వాత యాప్ కోడ్‌లో ఎంత పెద్ద తప్పున్నా ఆ ఖాతా అప్పుల్లోకి జారదు.

ఇవన్నీ కాక సాదా టెక్స్ట్ ఫైళ్ల వర్గం ఒకటుంది. 2003లో జాన్ వీగ్లీ మొదలుపెట్టిన లెడ్జర్, దాని దారిలో వచ్చిన హెచ్‌లెడ్జర్, బీన్‌కౌంట్. పద్దులన్నీ మామూలు ఫైల్‌లో వరుసగా రాసి ఉంటాయి, ప్రోగ్రామ్ వాటిని చదివి అంకణా (ట్రయల్ బ్యాలన్స్), ఆస్తి అప్పుల పట్టీ తీస్తుంది. యాప్ ప్రతి రాత్రీ ఆ రోజు లావాదేవీలను ఇలాంటి ఫైల్‌గా రాసి గిట్‌లో పెడితే, ఏ పద్దును ఎవరు ఎప్పుడు మార్చారో చరిత్ర దానంతటదే నిలుస్తుంది. హెచ్‌లెడ్జర్‌లో ఖాతా పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు. ‘ఆస్తులు’ కింద ‘బ్యాంకు’, ‘అప్పులు’ కింద ‘రాష్ట్ర జీఎస్టీ’ అని పెట్టినా దానికేం అభ్యంతరం లేదు. గ్నూక్యాష్‌కైతే తెలుగు అనువాదమే ఉంది, ఎంతమందికి తెలుసో గానీ. అయితే గ్నూక్యాష్ ఒక మనిషి ఒక కంప్యూటర్లో వాడేందుకు చేసినది. పది మంది కలిసి వాడటానికి కాదు, వెబ్ యాప్ వెనక పెట్టడానికి అసలే కాదు. దాని డేటాబేస్‌లోకి బయటి నుంచి నేరుగా రాయడం మంచిది కాదు.

మూడు టేబుళ్లేనంటున్నారుగా, మేమే రాసుకుంటాం అనేవాళ్ల వాదన ఉన్నవాటిలోకెల్లా బలమైనది. దానికి జవాబు బ్రిటన్‌లో దొరుకుతుంది. అక్కడి పోస్టాఫీసుకు ఫుజిట్సు నడిపిన హొరైజన్ వ్యవస్థలో 2015లో డాల్మెల్లింగ్‌టన్ శాఖ ఉద్యోగిని 8,000 పౌండ్ల బదిలీ నమోదు చేసింది. స్క్రీన్ కదల్లేదు. ఆమె మళ్లీ మళ్లీ ఎంటర్ నొక్కింది. ఆ బదిలీ నాలుగుసార్లు నమోదై, 24,000 పౌండ్ల తేడా తేలింది. పేమెంట్ గేట్‌వే నుంచి ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు వచ్చినప్పుడు సొంత కోడ్‌లో జరిగేది అచ్చంగా ఇదే, గేట్‌వేలు అలా పంపడం మామూలే. కోట్ల పౌండ్ల ప్రాజెక్టులోనే తప్పిన చోట శుక్రవారం సాయంత్రం హడావిడిగా రాసిన ఫంక్షన్ తప్పదని ఏమిటి భరోసా? మూడు టేబుళ్లు గీయడం అరపూట పని. ఒకే లావాదేవీ రెండోసారి వస్తే తిరగ్గొట్టడం, పైసల సవరింపు, మూసిన నెలలోకి కొత్త పద్దు జొరబడకుండా చూడటం, బ్యాంకు నిల్వల సమన్వయం, తప్పుల సవరణ పద్దులు, ఇవన్నీ ఏళ్ల తరబడి ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తిని నేర్చుకున్నవి. ఓపెన్ సోర్స్‌లో ఉచితంగా వచ్చేది కోడ్ కంటే ఎక్కువగా ఆ దెబ్బల చరిత్రే.

హొరైజన్ కథలో ఇంకా చేదైన భాగం ఉంది. దాని లెక్కల్లో లోటు కనిపించిందని 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లపై నేరం మోపి శిక్షలు వేశారు. లెక్క తమది కాదు, యంత్రానిదని వాళ్లు మొత్తుకున్నా ఆ యంత్రంలోకి తొంగిచూసే దారి వాళ్లకు లేదు. శాఖల ఖాతాలను బయటి నుంచి, శాఖకు తెలియకుండానే మార్చే వీలుందని లండన్ హైకోర్టు 2019 డిసెంబరులో తేల్చింది. డబ్బు లెక్క చేసే కోడ్‌ను సంబంధం ఉన్నవాళ్లు చదవగలగాలన్న వాదనకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. హైదరాబాద్‌కు ఈ పాఠం అంతకు ముందే అందింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లేఖలో లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయలని ఒప్పుకున్న తర్వాత దర్యాప్తులో బయటపడిన పద్ధతుల్లో ఒకటి ఇది: ఇన్‌వాయిస్ వ్యవస్థలో సూపర్ యూజర్ హక్కు వాడి ఏడు వేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు పుట్టించి, మిగతా సిబ్బంది కళ్లబడకుండా దాచారని సీబీఐ అభియోగం. సొంతంగా రాసుకున్న లెక్కల వ్యవస్థలో తెర వెనక తలుపు ఎంత తేలికో చెప్పడానికి వేరే ఊరు పోనక్కర్లేదు.

చట్టం కూడా ఇప్పుడు ఆ తలుపు దగ్గరే నిలబడింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఏ కంపెనీ అయినా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడితే, ప్రతి లావాదేవీకీ ఆడిట్ ట్రెయిల్, ప్రతి మార్పుకూ తేదీతో ఎడిట్ లాగ్ అందులో ఉండాలి. వాటిని ఆపేసే వీలు ఉండకూడదు. ఉన్నాయో లేవో ఆడిటర్ తన నివేదికలో చెప్పాలి. ప్రైవేటు లిమిటెడ్ అయినా సరే తప్పదు. ప్రొప్రయిటర్‌షిప్‌లు, ఎల్ఎల్‌పీలు దీని కిందికి రావు, అది వేరు. కంపెనీ లెక్కల పుస్తకం యాప్ డేటాబేస్‌లోనే ఉందంటే, ఒక్క అప్‌డేట్ కమాండ్‌తో మారిపోయే బ్యాలన్స్ కాలమ్ ఈ నియమం ముందు నిలవదు. చాలా లెడ్జర్ లైబ్రరీల్లో పద్దును దిద్దడమనే మాటే ఉండదు. తప్పైతే ఎదురు పద్దు వేయాలి. ఈఆర్‌పీనెక్స్ట్‌లోనూ అంతే. సబ్మిట్ చేసిన ఇన్‌వాయిస్‌ను దిద్దనివ్వదు, రద్దు చేసి కొత్తది తీయాలి. మొదట్లో విసుగు పుట్టించే ఈ పట్టుదలే ఆడిట్ రోజున ఆదుకుంటుంది.

ఈఆర్‌పీనెక్స్ట్ పేరు వచ్చింది కాబట్టి దాని బరువు సంగతి కూడా చెప్పాలి. ముంబయికి చెందిన ఫ్రాపె చేసిన ఈ సాఫ్ట్‌వేర్ నిజంగానే పెద్దది. మరియాడీబీ, రెడిస్, వెనకాల నడిచే వర్కర్లు అన్నీ కావాలి. ఒక్క ఆన్‌లైన్ కోర్సు అమ్మే సైట్‌కు ఇది ఎక్కువే. కానీ దాని ఏపీఐకి ఇన్‌వాయిస్‌లు పంపి, లెక్కలు చార్టర్డ్ అకౌంటెంట్ చేతికి వదిలేసే యాప్‌కు మాత్రం ఇది తేలికే. జీఎస్టీ రిటర్నులు, ఈ-ఇన్‌వాయిస్‌ల కోసం ‘ఇండియా కంప్లయన్స్’ అనే ఓపెన్ సోర్స్ యాప్ దానికి తోడుంది. నెలకు యాభై ఇన్‌వాయిస్‌లు తీసే కంపెనీకి యాప్ లోపల లెడ్జర్ అనవసరం, ఇలాంటిది చాలు. యూజర్ల వాలెట్లు, అమ్మకందార్ల వాటాలు, కమీషన్లు ఉన్న యాప్‌కు లోపలి లెడ్జర్ లేకుండా కుదరదు. అప్పుడు కూడా రోజు మొత్తాలు మాత్రమే ఈఆర్‌పీనెక్స్ట్‌లోకో, ఆడిటర్ పట్టుబడితే ట్యాలీలోకో పంపితే సరి. ట్యాలీ ఓపెన్ సోర్స్ కాకపోయినా ఎక్స్ఎంఎల్ ద్వారా పద్దులు పుచ్చుకుంటుంది.

లైసెన్స్ భయం ఒకటి మిగిలింది. జీపీఎల్ సాఫ్ట్‌వేర్ ముట్టుకుంటే తమ కోడంతా బయట పెట్టాల్సి వస్తుందని చాలా మంది అనుకుంటారు. జీపీఎల్ షరతు సాఫ్ట్‌వేర్‌ను ఇతరులకు పంచిపెట్టినప్పుడు వర్తిస్తుంది. సొంత సర్వర్‌లో నడుపుకుంటే వర్తించదు. నెట్‌వర్క్ మీద వాడేవాళ్లకూ సోర్స్ ఇవ్వాలన్నది ఏజీపీఎల్, ఫ్రాపె బుక్స్ లాంటివి దాని కింద ఉన్నాయి. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇంకో చోట. వెతికితే పైన కనిపించే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఓపెన్ సోర్స్ కావు. పీహెచ్‌పీలో రాసిన ‘అకౌంటింగ్’ (Akaunting) అనే ప్యాకేజీ ఒకప్పుడు జీపీఎల్; ఇప్పుడు బిజినెస్ సోర్స్ లైసెన్స్, దాన్ని ఓపెన్ సోర్స్ అనరు. ఓడూ 2015లో రెండు ముక్కలయ్యాక పూర్తి అకౌంటింగ్ డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ వైపు వెళ్లింది, ఉచితంగా దొరికే కమ్యూనిటీ వైపు ఇన్‌వాయిసింగ్ మిగిలింది. పేరు చూసి కాదు, లైసెన్స్ ఫైల్ తెరిచి చూసి ఎంచుకోవాలి.

చివరికి మిగిలేది ‘ఇప్పటికి కాలమ్‌తో కానిచ్చి, పెద్దయ్యాక మారుద్దాం’ అనే వాయిదా. పద్దుల నుంచి నిల్వ ఎప్పుడైనా కట్టొచ్చు. నిల్వ నుంచి పద్దులు పుట్టవు. ఇప్పటికే కాలమ్‌తో నడుస్తున్న యాప్‌కు ఏప్రిల్ 1 మంచి రోజు. ఆ ఉదయానికి బ్యాంకు నిల్వ, గేట్‌వే నుంచి రావలసినది, వాలెట్లలో కస్టమర్లకు ఇవ్వాల్సినది, జీఎస్టీ బాకీ, మిగతా ఆస్తులూ అప్పులూ తొలి పద్దులుగా వేసి, పాత కాలమ్‌ను చదవడానికి మాత్రమే ఉంచితే మార్పు అయిపోయినట్టే. మొదటి రోజు రెండు వైపులా సరితూగవు. ఆ తేడాను అనామతు (సస్పెన్స్) ఖాతాలో పెట్టాలి. ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్న దాని గురించే ఉంటుంది.